ఎడమ రెక్క కింద

1996 మార్చి 4, సోమవారం

విమానాల రిజిస్ట్రీ ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఒకటే పేజీ. మా తమ్ముడు వెర్లిన్ బాగుచేసి షెడ్డులో నిలబెట్టిన పాత విమానం లేదట.

ఉత్తరం తీసుకుని వెర్లిన్ దగ్గరకు వెళ్లాను. రెక్క కింద వెల్లకిలా పడుకుని ఏదో బిగిస్తున్నాడు. పక్కన స్టూలు మీద కూర్చుని చదివి వినిపించాను. 1936లో యజమానురాలు లియోటా ఫ్రేజీ, అంటే మా అమ్మ, కార్డు మీద స్వయంగా "నాశనమైంది" అని రాసి పంపినందున ఆ విమానాన్ని రికార్డుల్లోంచి తొలగించారు. తొలగించినదాన్ని తిరిగి చేర్చుకోవడం కుదరదు. కావాలంటే పాత భాగాలతో ఇంట్లో కట్టుకున్న కొత్త విమానమని దరఖాస్తు పెట్టుకోవచ్చు.

వెర్లిన్ బయటికి రాలేదు. కింద నుంచే అన్నాడు. కొత్తదట అక్కా! అమ్మ ఇరవై ఏళ్ల పిల్లగా ఉన్నప్పటి విమానం కొత్తదట! నేనెప్పుడు పుట్టానో కూడా వాళ్లనే అడుగు, ఒక పని అయిపోతుంది.

చివరి వాక్యం అప్పుడు చదివాను. అమ్మ విమానం నంబరు 617 హెచ్ ప్రస్తుతం వేరొకరి విమానానికి ఇచ్చి ఉంది.

అది విని బయటికి వచ్చాడు. నుదుటి మీద గ్రీజు. స్పానరు గోడకేసి కొట్టాడు.

మార్చి 5

అమ్మకు ఎనభై ఏడు నిండాయి. వృద్ధుల హోమ్‌లో కిటికీ పక్క మంచం. గుండె సగమే పనిచేస్తోందని డాక్టర్ చెప్పాడు. వేసవి దాటుతుందని ఆయన అనలేదు. నేను అడగలేదు.

జవాబు వచ్చిందా అని అమ్మ అడిగింది. ఆఫీసు పని కదమ్మా, టైం పడుతుంది అన్నాను. అది అబద్ధమేమీ కాదు.

అమ్మ కోరుతున్నది ఒక్కటే. విమానం ఎక్కాలని కాదు. ఆ మాట వెర్లిన్ ఎత్తితే, నన్ను అందులోకి దించడానికి క్రేను ఎక్కడ దొరుకుతుందిరా అని నవ్వింది. కింద కుర్చీలో కూర్చుని, తన నంబరు తన నెత్తి మీదుగా పోవడం ఒక్కసారి చూడాలట. చూసి పోతాను అంది. ఎక్కడికి అని అడగలేదు.

టొపీకా మ్యూజియంలో ఫొటో ఉంది. 1930. విచిటాలో లేచి షికాగో దాకా ఎక్కడా దిగకుండా వెళ్లిన రోజు. పసుపు పచ్చ విమానం, నోట్లో చూయింగ్ గమ్‌తో అమ్మ, తోక మీద ఎన్‌ఆర్ 617 హెచ్. ముందు సీటు పీకేసి అక్కడ పెట్రోలు ట్యాంకు పెట్టించింది. అందుకే నంబరు ముందు ఆ ఆర్. రిస్ట్రిక్టెడ్. నడిపే మనిషి తప్ప మరొకరు ఎక్కడానికి వీల్లేదు. పెళ్లికి ముందు నాన్న ఒక్కసారి తిప్పమని బతిమాలితే, అమ్మ తోక మీది అక్షరం చూపించిందట. నాన్న బతికినన్నాళ్లూ ఆ అక్షరాన్ని మర్చిపోలేదు. గిన్నెలో చివరి బంగాళాదుంప అమ్మ తీసుకుంటే, అదీ రిస్ట్రిక్టెడేనా లియోటా, అనేవాడు.

మేము ముగ్గురం పుట్టేసరికి అమ్మ ఎగరడం మానేసింది. నేను ఇంతవరకు విమానం ఎక్కలేదు. ఎవరూ ఎక్కమనలేదు.

మార్చి 11, సోమవారం

నేను పనిచేసే బడి లైబ్రరీకి సగం రోజు సెలవు పెట్టి రిజిస్ట్రీకి ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం. తరువాత ఒకావిడ. మర్యాదస్థురాలు. రికార్డులో పోయిందంటే పోయినట్టేనండీ అంది. నేను నిన్ననే దాన్ని చేత్తో తాకాను అన్నాను. మీరు తాకింది భాగాలనమ్మా, అంది. భాగాలన్నీ కలిసి ఒకచోటే ఉన్నాయి, ఇంజను కూడా తిరుగుతోంది అన్నాను. సంతోషం అంది.

ఆవిడ తప్పేమీ లేదు. అదే కష్టం. ఎవరి తప్పూ లేకుండా పని ఆగిపోయింది.

సాయంత్రం అమ్మ దగ్గరకు వెళ్లాను. సోమవారం కదా, వారం వారం కిటికీ ముందు నుంచి వెళ్లే చిన్న విమానం ఇవాళా వెళ్లిందట. అమ్మ చెయ్యి ఊపిందట. నడిపే అతను కూడా రెక్క ఊపాడట. మనిషి మంచివాడే కానీ మలుపులో తోక జారనిస్తాడు, కాళ్లతో పెడల్ తొక్కడం రాదు అని వంక పెట్టింది. ప్రతి సోమవారం ఇదే వంక.

మార్చి 12

పొద్దున ప్రార్థనలో రిజిస్ట్రీ ఆఫీసును తలుచుకున్నాను. మంచి మాటలతోనే మొదలుపెట్టాను.

మార్చి 17, ఆదివారం

చెల్లి జోలీన్ ఫోన్. టొపీకాలో ఇళ్లు అమ్మే పని దానిది. గొంతు కూడా అమ్మకానికి తగ్గట్టే ఉంటుంది. నీ పద్ధతిలో అయితే అమ్మకు వందేళ్లు వచ్చినా నంబరు రాదక్కా, ఇలాంటి చోట అరవాలి, నీకు అరవడం రాదు, నాకు వదిలెయ్ అంది. వదిలేశాను.

మార్చి 22

జోలీన్ అరిచింది. వాళ్లు శాంతంగా దాని పేరు రాసుకుని కొత్త ఫైలు తెరిచారు. ఇప్పుడు మాకు రెండు ఫైళ్లు. ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు.

మార్చి 29

అడిగితే నంబరు ఎవరి దగ్గరుందో చెప్పారు. అది ఎవరికైనా చెప్పే విషయమేనట. మొదటి రోజే అడగాల్సింది. డారెల్ ప్రూయిట్. ఓక్లహామా, ఆల్వా. అంటే మా కాన్సాస్ సరిహద్దు దాటగానే. మా ప్రాట్ నుంచి కారులో గంటన్నర.

ఉత్తరం రాశాను. అమ్మ ఎవరో, ఏం అడుగుతోందో, ఎందుకు తొందరో. అరపేజీ. నంబరు ఆయన వదులుకుంటేనే మాకు ఇస్తారు.

ఏప్రిల్ 7, ఈస్టర్

చర్చి నుంచి అమ్మను వెర్లిన్ ఇంటికి తీసుకొచ్చాం. హామ్, గ్రీన్ బీన్స్. అమ్మ రెండు ముక్కలు తింది.

భోజనాల తరువాత వెర్లిన్ చక్రాల కుర్చీని షెడ్డులోకి తోశాడు. ఎవరికీ చెప్పకుండా తోక మీద నంబరు రాసేశాడు. నల్ల రంగు, పాత పద్ధతి అక్షరాలు. ఎన్‌ఆర్ 617 హెచ్. కుడి రెక్క పైన ఒకసారి, ఎడమ రెక్క కింద ఒకసారి. మనిషంత అక్షరాలు. ఆ రోజుల్లో నియమం అదే. కింద పొలంలో ఉన్నవాడు కూడా తలెత్తి చదవగలగాలి. ఇప్పటి విమానాలకు పొట్ట పక్కన చిన్నగా రాస్తే చాలు. అమ్మ కళ్లకు అవి ఆనవు.

అమ్మ ఎడమ రెక్క కింద చెయ్యి పెట్టింది. హెచ్ కొంచెం వంకరరా అంది. వెర్లిన్ ముఖం వెలిగిపోయింది.

అసలు నాశనమైందని ఎందుకు రాశావమ్మా అని జోలీన్ అడిగింది. పాడైందని రాస్తే సరిపోయేది కదా. వడగళ్ల వానకి రెక్కల్లో గుడ్డ మిగల్లేదే, బాగుచేయించే దారి లేదు, కరువు రోజులు, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఏడుస్తూ రాశాను అంది అమ్మ. నేను అబద్ధం రాయలేదు. ఆ రోజుకి అది నిజం.

ఏప్రిల్ 11

విమానాల ఇన్‌స్పెక్టర్ వచ్చి చూశాడు. పని బాగుందన్నాడు. ఇంజను చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఆఖరికి తోక చూసి, ఇది ఇంకొకరి నంబరు, మూసెయ్యి బాబూ, ఈ నంబరుతో షెడ్డు దాటావంటే నేనే కేసు రాయాల్సి వస్తుంది అన్నాడు. ఏదో ఒక నంబరు తీసుకో, కొత్తదని సంతకం పెట్టు, ఎండాకాలం అయ్యేలోగా ఎగరొచ్చు అన్నాడు.

ఆయన వెళ్లాక వెర్లిన్ నంబరు మీద వార్తాపత్రికలు అంటించాడు. కొత్తదని ప్రాణం పోయినా సంతకం పెట్టనన్నాడు. నీ ప్రాణం సంగతి కాదు కదరా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

ఏప్రిల్ 23

ఆల్వా నుంచి జవాబు లేదు.

ఏప్రిల్ 30

జోలీన్ ఫైలుకు జవాబు వచ్చింది. నా ఉత్తరంలో ఉన్నదే. సంతకం వేరు.

మే 3, శుక్రవారం

ఆల్వాకు ఫోన్ చేశాను. ఆడగొంతు. హాటీ ప్రూయిట్. ఉత్తరమా, అది ఫ్రిజ్ మీద ఉందమ్మా, ఆయన రోజూ చూసి రోజూ సిగ్గుపడుతున్నాడు, కాదని రాయడానికి చెయ్యి రావట్లేదు అంది.

కాదనే అయితే చెప్పండి అన్నాను.

కాదనేనమ్మా. ఒకసారి విను. నా పేరులో మొదటి అక్షరం హెచ్. నా పుట్టినరోజు ఆరో నెల పదిహేడు. అమెరికాలో పుట్టిన ప్రతి మగవాడికీ పెళ్లాం పుట్టినరోజు గుర్తుండకపోవడం మామూలే కానీ, ఈయన మా అమ్మ పుట్టినరోజు నాడు నాకు కేకు తెచ్చిన మనిషి. అందుకని విమానం కొన్నప్పుడు నేనే దరఖాస్తు పెట్టి 617 హెచ్ తెప్పించాను. ఎక్కిన ప్రతిసారీ కనబడాలని. అప్పటినుంచీ ఒక్కసారి కూడా మర్చిపోలేదు. అది తీసేశామనుకో, మళ్లీ మొదటికొస్తాం.

నాకు నవ్వు వచ్చింది. ఫోన్ పెట్టేశాక ఏడుపు వచ్చింది. ఆవిడ కారణం మంచిది. చెడ్డదైతే బాగుండేది.

మే 4

వెర్లిన్‌కి చెప్పాను. పుట్టినరోజా, క్యాలెండర్ కొనుక్కోమను, నేనే కొనిస్తాను అన్నాడు. లాయర్‌ను పెడదాం అంది జోలీన్. ఇద్దరూ నా వైపు చూశారు.

ప్రార్థన చేశాను. వినబడుతోందా అని మాత్రం అడగలేదు.

మే 14

అమ్మకు ఊపిరి అందలేదు. ఆక్సిజన్ పెట్టారు.

మే 16

తగ్గింది. కళ్లు తెరిచి మొదట అడిగింది, ఇవాళ సోమవారమా అని. కాదమ్మా, గురువారం అన్నాను. అయితే అతను రాడు అంది. నంబరు సంగతి అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మే 25, శనివారం

బడికి వేసవి సెలవులు ఇచ్చారు. రూబార్బ్ కాడలు పెట్టి పై అనే తీపి వంట ఒకటి చేసి, సీట్లో పెట్టుకుని ఆల్వా వెళ్లాను. ఏం అడగాలో తెలియదు. ముఖం చూపించి రావాలనిపించింది అంతే. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

హాటీ లావుపాటి మనిషి. నన్ను చూసి, నువ్వేనా ఆ అరపేజీ ఉత్తరం, రా లోపలికి అంది. డారెల్ పెరటి గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి వెనక్కి పోబోయాడు. పారిపోతే పై దక్కదు అంది హాటీ. వచ్చి కూర్చున్నాడు.

నంబరు అడగడానికి రాలేదని చెప్పాను. అమ్మ గురించి చెప్పాను. తిన్నాం. మాటల్లో పెట్టాలని ఆయన పని గురించి అడిగాను. గ్యాస్ పైపులైన్ కాపలాదారు. చిన్న విమానంలో పైపు వెంట కిందుగా ఎగురుతూ ఎక్కడ కారుతోంది, ఎవడు దాని మీద తవ్వుతున్నాడు చూసుకోవాలి. ఎటు పోతుంది పైపు అన్నాను. ఉత్తరానికి, మీ ప్రాట్ వైపే అన్నాడు. సోమవారం సోమవారం వెళ్తాను. మీ ఊరి చివర ఎర్ర కప్పు ఇల్లు, అదేదో ముసలివాళ్ల హోమ్, దాని పక్కనుంచే పోతుంది నా పైపు.

ఫోర్కు కింద పెట్టాను.

అక్కడ కిటికీ దగ్గర ఒక పెద్దావిడ ఉంటుంది, ఎండగా ఉంటే కుర్చీలో బయట, ఎప్పుడూ చెయ్యి ఊపుతుంది అన్నాడు. నేను రెక్క ఊపుతాను. మొన్న సోమవారం కనబడలేదు. పోయిందేమో అనుకున్నాను.

పోలేదు అన్నాను. ఆక్సిజన్ పెట్టారు. అది మా అమ్మ.

మేము రెండు ఫైళ్లతో, లాయరుతో, వార్తాపత్రికలతో కొట్టుకుంటున్నన్నాళ్లూ అమ్మ నంబరు ప్రతి సోమవారం అమ్మ కిటికీ ముందు నుంచే పోతోంది. పొట్ట పక్కన చిన్న అక్షరాల్లో. ఆవిడ చెయ్యి ఊపుతోంది, పెడల్ సరిగా తొక్కడంలేదని తిడుతోంది.

ఆ మాట కూడా చెప్పేశాను. డారెల్ చెవులు ఎర్రబడ్డాయి. హాటీ బల్ల గుద్ది నవ్వింది. ఇన్నేళ్లకి నాతో ఏకీభవించే మనిషి దొరికింది అంది.

అప్పుడు అడిగాను. నంబరు వద్దు. దాన్ని ఎడమ రెక్క కింద పెద్దగా రాయగలరా, ఒక్క సోమవారానికి.

డారెల్ గడ్డం గోక్కున్నాడు. నా నంబరే నేను ఇంకోసారి రాసుకుంటే ఎవడూ కాదనడనుకుంటా అన్నాడు. జూన్ పదిహేడు సోమవారమే పడింది అంది హాటీ. నా పుట్టినరోజు. కాన్సాస్ మొత్తానికి కనబడేట్టు రాయి.

జూన్ 9, ఆదివారం

వెర్లిన్ ఆల్వా వెళ్లి నల్ల టేపుతో అక్షరాలు అంటించి వచ్చాడు. వస్తూనే మండిపడుతున్నాడు. ఆర్ దగ్గర గొడవ. అమ్మ నంబరులో ఆర్ ఉంది, ఆర్ లేకపోతే అది అమ్మ నంబరు కాదని వీడు. ఇప్పటి రికార్డులో ఉన్నది ఎన్ 617 హెచ్ మాత్రమే, లేని అక్షరం ఒక్కటి పెట్టినా నా లైసెన్స్ పోతుందని డారెల్. పైగా అది రెండు సీట్లది, దానికి ఆర్ ఏమిటయ్యా అన్నాడట.

అమ్మ ఊరుకోదక్కా, హెచ్ వంకరపోతేనే పట్టేసింది అన్నాడు వెర్లిన్.

అదీ నిజమే. ఇంత చేసి, ఒక్క అక్షరం దగ్గర.

జూన్ 16

గాలి ఎక్కువగా ఉంది. ప్రార్థన ఒకే వాక్యం. గాలి తగ్గించు.

జూన్ 17, సోమవారం

గాలి తగ్గలేదు.

ఏమీ చెప్పకుండా అమ్మను పచ్చికలోకి తీసుకొచ్చాం. ఆక్సిజన్ సిలిండర్ కుర్చీ వెనక కట్టాం. జోలీన్ టొపీకా నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చింది. ఇంతమంది ఎందుకొచ్చారు, నేను పోతున్నానని డాక్టర్ చెప్పాడా అంది అమ్మ. కాదమ్మా, సోమవారం కదా అన్నాను. చుట్టూ పొలాల్లో కోత యంత్రాలు. దుమ్ము. దుమ్ములో ఏం కనబడుతుందని వెర్లిన్ గొణుగుతూనే ఉన్నాడు.

చప్పుడు అమ్మకే ముందు వినబడింది.

దక్షిణం నుంచి వచ్చాడు. ఎప్పటికన్నా కిందుగా. పైపును వదిలి మా వైపు తిరిగాడు. తోక జారలేదు. ఇవాళ కాలు సరిగా పెట్టాడే అంది అమ్మ. చెయ్యి ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఎడమ రెక్క మా మీదుగా పోయింది. నల్లగా, మనిషంత అక్షరాలు. అమ్మ పైకి చదివింది. ఎన్. ఆరు. ఒకటి. ఏడు. హెచ్.

అతను తిరిగి మళ్లీ వచ్చాడు. అమ్మ మళ్లీ చదివింది. చదివి, నా ఆర్ ఏదిరా అంది.

వెర్లిన్ నేల చూపులు చూశాడు. ఇక నేనే చెప్పాలి. ఇప్పుడు ఆర్‌లు లేవమ్మా, తీసేశారు అన్నాను.

అమ్మ చాలాసేపు ఆకాశం వైపే చూసింది. విమానం మూడోసారి వస్తోంది. వెనక సీట్లో హాటీ, కిటికీలోంచి ఎర్ర స్కార్ఫ్ ఊపుతోంది.

వెనక ఎవరో కూర్చున్నారు అంది అమ్మ.

ఆయన భార్య అన్నాను. ఇవాళ ఆవిడ పుట్టినరోజు.

అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతుంటే ఊపిరి అందలేదు, నర్సు పరుగెత్తుకొచ్చింది, అమ్మ ఆవిడ చెయ్యి తోసేసింది. ఆర్ తీసేశారన్నమాట అంది. ఇప్పుడు మనుషుల్ని ఎక్కించుకోవచ్చన్నమాట. పాపం మీ నాన్న. కొంచెం ఆగి ఉంటే పోయేది.

కళ్లు తుడుచుకుంది. వెర్లిన్ చెయ్యి పట్టుకుని, అక్షరాలు నువ్వే అంటించావు కదా, హెచ్ ఇప్పుడు నిటారుగా ఉంది అంది. వాడు చక్రాల కుర్చీ పక్కన గడ్డిలో కూలబడ్డాడు.

వాళ్లు ఎయిర్‌పోర్టులో దిగి కేకుతో వచ్చారు. అమ్మ డారెల్‌ను దగ్గరకు పిలిచి కుడి కాలు గురించి ఏదో చెప్పింది. అతను బుద్ధిగా తల ఊపాడు. హాటీ నా పక్కకు వచ్చి, మా ఆయన ఇంత శ్రద్ధగా నా మాట ఒక్కసారి విని ఉంటేనా అంది.

వెళ్లేముందు అమ్మ డారెల్‌ను అడిగింది. వచ్చే సోమవారం వెనక సీటు ఖాళీయేనా? ఖాళీయేనండీ అన్నాడు. అయితే మా పెద్దదాన్ని తీసుకెళ్లు అంది.

భయం అన్నాను.

తెలుసు అంది అమ్మ. ఊరుకో అనలేదు. వద్దులే అనలేదు.

జూన్ 20

వెర్లిన్ వార్తాపత్రికలు పీకేసి, నంబరు చెరిపేసి, కొత్త విమానమని సంతకం పెట్టాడు. నోరు తిరగని తిట్లు ఏవో తిడుతూనే పెట్టాడు. మూడో ఫైలు తెరిచారు.

జూన్ 24, సోమవారం

ఎక్కాను. కింద ఎర్ర కప్పు, పచ్చిక, కుర్చీ, అమ్మ చెయ్యి.

పైన ఉన్నంతసేపూ ప్రార్థన మర్చిపోయాను.